చాలు అనని వేరు

హైదరాబాద్,
14 జూన్ 2025

అత్తా,

క్షేమంగా చేరాను. చెవి మిషన్ పెట్టుకుంటున్నావా? పెట్టుకోవు, నాకు తెలుసు. అమలాపురం డాక్టరుగారు నెలరోజులు ఓపిక పట్టమన్నారు, గుర్తుంచుకో.

ఒక చిన్న సంగతి. మిషన్ బ్యాటరీలు వెతుకుతూ నా బ్యాగులో సామానంతా కిటికీ గూట్లో పోశాను కదా, అందులో ఖాకీ రంగు కాగితం కవరు ఒకటి అక్కడే ఉండిపోయింది. అరచేతిలో సగం ఉంటుంది. మీద నా పేరు, తేదీ, ఏదో నంబరు ఉంటాయి. లోపల వడ్లు. దాన్ని విప్పకుండా ఇంకో కవరులో పెట్టి స్పీడ్ పోస్టులో నాకు పంపెయ్యి. వెంటనే పంపు.

ఫోనులో ఈ మాట ఎత్తకు. మావయ్య స్పీకరు పెట్టి మాట్లాడతారు, వీధి అంతా వింటుంది. ఆయనకి కూడా చెప్పకు. ఏమీ లేదు, ఊరికే కంగారు పడతారని.

నీ యామిని


కొత్తపేట దగ్గర మన ఊరు,
19 జూన్ 2025

యామినీ తల్లికి అత్త దీవెనలు. ఇక్కడ అందరం కులాసా, నా చెవులు తప్ప.

మిషన్ పెట్టుకున్నానే. పెట్టుకుంటే కుక్కరు కూసినట్టు కూస్తోంది. మీ మావయ్య రెండుసార్లు వంటింట్లోకి పరుగెత్తి పొయ్యి కట్టేశారు. తీసి డబ్బాలో దాచాను, నువ్వు తిట్టుకో.

ఓసి పిచ్చిదానా, కవరు పంపమంటావేమిటి, అది ఇంకెక్కడుంది! అయిదేళ్ల పిల్లవి అయినప్పటి నుంచీ మన ఆకుమడిలో మొదటి గుప్పెడు విత్తనం చల్లింది నువ్వే కదా. నాకు కూతుళ్లు లేరు, తమ్ముడి కూతురివి నువ్వే మా ఇంటి ఆడపిల్లవి. ఈసారి నువ్వు ఆదివారం బండెక్కేశావు, చల్లింది బుధవారం. సోమవారం పొద్దున్న గూట్లో కవరు చూశాను. నీ పేరు, తేదీ, లోపల వడ్లు. నేనుండను కదా, నా గుప్పెడు ఇదిగో అని పెట్టి వెళ్లావనుకుని అక్కడే నిలబడి ఏడ్చాను. మీ మావయ్యకి చూపిస్తే "పిల్ల ఎంత చదివినా పద్ధతి మర్చిపోలేదే" అని ఆయనా కళ్లు తుడుచుకున్నారు.

నలభై గింజలు ఉన్నాయి. లెక్క ఎందుకు పెట్టానంటావా, గుప్పెడు అవుతుందా లేదా అని. అవలేదు. చెంబులో నానేసి, నీ పాత పరికిణీ గుడ్డలో మూటగట్టి మొలక వచ్చాక మన విత్తనంలో కలిపి నీ పేరు చెప్పి నేనే చల్లాను. మడి ఇప్పుడు పచ్చగా ఉంది. దిష్టి తగలకూడదు.

అవును గానీ, మావయ్యకి చెప్పొద్దనడం ఏమిటి? నీకు ఏదైనా ఇబ్బందా? పెళ్లి సంగతైతే చెప్పు, నేను ఏమీ అనను.

నీ అత్త భవాని


హైదరాబాద్,
24 జూన్ 2025

అత్తా,

నీ ఉత్తరం చదివి ల్యాబు బయట మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎలా రాయాలో తెలియడం లేదు. నీ తప్పు ఏమీ లేదు. ముందు అది నమ్ము.

అవి మామూలు వడ్లు కావు. నా పరిశోధన విత్తనాలు. వాటి జన్యువుల్లో ఒకటి నేను మార్చాను. ఇంకా అనుమతి రాలేదు, అందుకని అవి మా గాజు పంటశాల దాటి బయటికి రాకూడదు. ఒక్క గింజ కూడా. ప్రతి గింజకీ రిజిస్టరులో లెక్క ఉంటుంది. రైలుకి టైమైపోతోందని ఆ కవరు బీరువాలో పెట్టకుండా బ్యాగులో పడేసుకుని వచ్చాను. మన ఊరి మట్టిలో పడ్డాయని తెలిస్తే నా డిగ్రీ పోతుంది. అయిదేళ్ల చదువు. మా రేవతి మేడం ల్యాబు కూడా మూతపడవచ్చు. నన్ను నమ్మి తాళంచెవులు ఇచ్చిన మనిషి ఆవిడ.

ఆ మడిలో నారు తీయనివ్వకు. ఊడ్పులకి వెళ్లకముందే దున్నించెయ్యి. మావయ్యకి ఏదో ఒకటి చెప్పు, నిజం మాత్రం వద్దు. ఆయన మంచివారే, కానీ టీ కొట్టు దగ్గర ఆయన నోట్లో ఏదీ దాగదు.

నాకు చాలా భయంగా ఉంది అత్తా.

యామిని


మన ఊరు,
5 జులై 2025

తల్లీ,

నీ ఉత్తరం ముప్పయ్యో తారీకున అందింది. పోస్టుమేన్ మోషే గుమ్మంలోంచే "అమ్మగారండీ, మళ్లీ హైదరాబాద్ నించేనండి, పాపగారికి మీ మీద బెంగనుకుంటానండి, ఆయ్" అని నవ్వుతూ ఇచ్చాడు. చదివిన వెంటనే ఉత్తరం బియ్యం డబ్బాలో అడుక్కి తోసేశాను.

మీ మావయ్యతో మడి బాగోలేదు, దున్నించేద్దాం, ఆకు కొనుక్కుందాం అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని గట్టు మీదకి తీసుకెళ్లారు. "ఇంత ఒత్తుగా ఉన్న ఆకుమడి దున్నమంటావేంటే? నీ ఒంట్లో బాగుందా?" అన్నారు. ఏం చెప్పను? నిజం చెప్పొద్దన్నావు, అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. మడి అంచున కూర్చుని ఆ నలభై ఏవో చూద్దామనుకున్నాను. లక్ష మొలకలు, అన్నీ ఒకటే పచ్చన. గురువారం ఊడ్పులు అయిపోయాయి. అరెకరం తిండిగింజల చేనంతా నాటేశారు.

ఇప్పుడు అడుగుతున్నాను, దాచకుండా చెప్పు. అది విషమా? దూడ రెండు పరకలు కొరకడం చూసి రెండు రోజులు దాని పక్కనే కూర్చున్నాను. బాతుల్ని చేలోకి దిగనివ్వడం లేదు. ఊడ్చిన ఆడవాళ్ల చేతులకి ఏమైనా అవుతుందా? వాళ్ల ఇళ్లల్లో చంటిపిల్లలున్నారు. నా చేత్తో నేనే చల్లాను, నీ పేరు చెప్పి చల్లాను.

అత్త


హైదరాబాద్,
11 జులై 2025

అత్తా,

విషం కాదు. ఒట్టు. దూడకీ, బాతులకీ, మనుషులకీ ఏమీ కాదు. నేను రాసిన తీరు నిన్ను హడలగొట్టింది, క్షమించు. ఇప్పుడు నెమ్మదిగా చెబుతాను.

మావయ్య దమ్ము చేసేటప్పుడు చల్లుతూ వచ్చిన డీఏపీ ఎరువులో భాస్వరం ఉంటుంది కదా. వేరు దాన్ని ఎలా తాగుతుందన్నదే నా చదువు. మట్టిలో భాస్వరం ఉన్నా అది ఇనుముకో సున్నానికో అతుక్కుని ఉంటుంది, నీళ్లలో కరిగిన కాస్తే వేరుకి అందుతుంది. వేరు పైపొరలో దాన్ని లోపలికి లాగే సన్నటి ద్వారాలు ఉంటాయి. మొక్కకి ఆకలైతే ఆకులు ఆ కబురు కిందికి పంపుతాయి, అప్పుడు ఒక జన్యువు లేచి ద్వారాలు ఎక్కువ కట్టిస్తుంది, నూగు వేళ్లు పెంచుతుంది. కడుపు నిండాక ఇంకో జన్యువు ఆ ద్వారాల్ని విప్పించేస్తుంది. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లు ఆగకపోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం చూడు, ఆ జన్యువు చేసే పని అదే. ఆ నలభై గింజల్లో నేను ఆ చెయ్యి తీసేశాను. భాస్వరం తక్కువున్న మెట్ట నేలల్లో ఎరువు లేకుండా పండుతాయేమో చూద్దామని.

మన చేను మెట్ట కాదు. ఇరవై ఏళ్లుగా వేసిన డీఏపీ అంతా అందులోనే ఉంది. పోయినేడు మట్టి పరీక్ష చేయించి, ఇక వెయ్యకండి అని మావయ్యతో పోట్లాడింది నేనే. అక్కడ ఈ మొక్కలు తాగుతూనే ఉంటాయి. ఎక్కువైన భాస్వరం ముదురాకుల కొసల్లో చేరి కొసలు తెల్లబడి మాడిపోతాయి. అదే మనకి గుర్తు. ఆగస్టు మొదటికి కనబడాలి. కనబడిన దుబ్బుని వేళ్లతో సహా పీకి కాల్చెయ్యి. కాల్చే ముందు రెండు వేళ్ల పొడవు ఆకు ముక్క కత్తిరించి, కాగితంలో చుట్టి నంబరు వేసి నాకు పంపు. నేను పరీక్ష చేసి చెబుతాను.

ఇవి మన రకం కంటే ముందే ఈని వెన్ను తీస్తాయి, సెప్టెంబరు పదిహేను, ఇరవై మధ్య. పూత రాకముందే నలభై బయటికి రావాలి. వరి పుప్పొడి ఎక్కువ దూరం పోదు, ఎక్కువసేపు బతకదు. అయినా ఒక్క గింజ కట్టినా అది వచ్చే ఏడాది మీ విత్తనంలో ఉంటుంది, మీ దగ్గర విత్తనం పట్టుకెళ్లిన వాళ్ల మడిలో ఉంటుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ వెతకలేరు. నాకు ఆ సంగతే మింగుడుపడడం లేదు.

సెలవు అడిగాను, దొరకలేదు. ఇక్కడ మొక్కలు రోజూ చూసుకోవాలి.

యామిని


మన ఊరు,
4 ఆగస్టు 2025

యామినీ,

నీ చెయ్యి అడ్డం పెట్టే సంగతి నాకు బాగా అర్థమైంది. మీ మావయ్య విస్తరి దగ్గర నేను చూస్తున్నదే కదా.

రోజూ పొద్దున్నే కాఫీ తాగి చేలో దిగుతున్నాను. ముందు వారం కొసలు తెల్లబడినవి ఒక్కటీ లేవు. భాస్వరం చాలలేదేమోనని కొట్టు గదిలో మిగిలిన డీఏపీ అరబస్తా మీ మావయ్య సొసైటీకి వెళ్లినప్పుడు చల్లేశాను. ఆయన వచ్చి నీళ్లలో గుళికలు చూసి నిర్ఘాంతపోయారు. "ఆ పిల్ల వెయ్యొద్దంటే నాతో పోట్లాడి మాన్పించేవు, ఇప్పుడు నువ్వే వేసేవా?" అన్నారు. కల వచ్చిందని చెప్పాను. ఆయన నన్ను అదోలా చూస్తున్నారు.

ఇప్పుడు కొసలు మాడినవి కనబడుతున్నాయి. కనబడితే బాధ, కనబడకపోతే ఇంకా బాధ. పదకొండు పీకాను, ముక్కలు ఇందులో ఉన్నాయి. నీళ్ల పొయ్యిలో పెట్టి కాల్చాను. పచ్చి దుబ్బులు కదా, పొగ ఇల్లంతా కమ్మింది.

వాడపల్లి స్వామికి ఏడు శనివారాలు మొక్కుకున్నాను. మొన్నటితో రెండు అయ్యాయి. ప్రదక్షిణలు చేస్తూ గోవిందా అనాల్సిన చోట దుబ్బుల లెక్క అంటున్నాను.

అత్త


హైదరాబాద్,
12 ఆగస్టు 2025

అత్తా,

పదకొండులో నాలుగే మనవి. మిగతా ఏడింటిలో కొసలు ఎండాకు తెగులుతో మాడాయి. తెగులైతే అంచు వెంట పసుపు చార కిందికి దిగుతుంది. మనవైతే కొస మాత్రమే తెల్లగా ఉండి, కింద ఆకు ముదురు పచ్చగా ఉంటుంది. పాత ఆకులు చూడు, కొత్త ఆకుల్లో తెలియదు. అనుమానం వస్తే పీకెయ్యి, మంచి దుబ్బు పోయినా ఫరవాలేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు పరీక్షలు చేస్తున్నాను. నిన్న రేవతి మేడం నా వెనకాల నిలబడి "ఏం నమూనాలు అవి?" అని అడిగారు. పాతవే, మళ్లీ చూస్తున్నాను అన్నాను. "మంచి పద్ధతి, అలా సరిచూసుకోవాలి" అని భుజం తట్టి వెళ్లారు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

సెప్టెంబరు పదిహేనున విత్తనాల రిజిస్టరు తనిఖీ. ఆ నలభై ఏమయ్యాయో రాసి సంతకం పెట్టాలి. నలభై నాశనం చేశాను అని రాయగలిగితే అది కనీసం అబద్ధం కాదు. నువ్వు నలభై పూర్తి చేస్తేనే.

యామిని


మన ఊరు,
29 ఆగస్టు 2025

తల్లీ,

ఇందులో పందొమ్మిది ముక్కలు పంపుతున్నాను. ఇప్పుడు నా కన్ను తిరిగింది, గట్టు మీదనుంచే పోల్చగలను. మొదటి నాలుగూ, మధ్యలో పంపినవాటిలో నువ్వు మనవేనని రాసిన ఏడూ, ఇవన్నీ కూడా మనవైతే మొత్తం ముప్పై అవుతాయి.

ఒక తంటా వచ్చింది. పక్క చేను బంగారరాజు గట్టు మీద నిలబడి "ఏంటండీ అక్కగారూ, రోజూ చేలోనే ఉంటున్నారు, ఏదన్నా పారేసుకున్నారేటండీ?" అన్నాడు. అతను నెమ్మదస్తుడు, అయినా కంగారులో చెవి బుట్ట పారేసుకున్నాను అనేశాను. ఇంకేముంది, సాయంత్రానికి వీధిలో ఆడవాళ్లు పదిమంది చేలో దిగారు. "పాపం, పుట్టింటివారు పెట్టిన బుట్టండీ" అని వెతుకుతుంటే దుబ్బులన్నీ తొక్కిడి అయిపోయాయి. చెవిబుట్టలు రెండూ నా కొంగున ముడేసుకుని నేనూ వెతికాను. మీ మావయ్య జేబురుమాలుతో నుదురు తుడుచుకుంటూ అందరికంటే ఎక్కువ వెతికారు. ఆయన్ని చూస్తే ఏడుపొచ్చింది.

చెప్పేయనా ఆయనకి? నువ్వు ఊ అంటే చెప్పేస్తాను. ముప్పైయేడేళ్ల కాపురంలో ఆయన దగ్గర నేను దాచింది ఇదొక్కటే.

అత్త


హైదరాబాద్,
3 సెప్టెంబరు 2025

అత్తా,

పందొమ్మిదీ మనవే. ముప్పై. ఇంకా పది.

మావయ్యకి వద్దు. ఇంకో రెండు వారాలు ఓర్చుకో. తనిఖీ అయిపోయాక నేనే వచ్చి ఆయన కాళ్లు పట్టుకుని చెబుతాను. ఇప్పుడు ఒక్క నోటినుంచి బయటికి వచ్చినా నా పని అయిపోయినట్టే. నీకు దండం పెడతాను.

వేర్ల ఫోటోలు తీస్తున్నా, అన్నం కలుపుకుంటున్నా ఆ పది మొక్కలే కళ్లముందు ఉంటున్నాయి. అవి ఆపకుండా తాగుతున్నాయి. ఎప్పుడు వెన్ను తీస్తాయో తెలియదు.

యామిని


మన ఊరు,
10 సెప్టెంబరు 2025

యామినీ,

దొరికాయి. పది ముక్కలు ఇందులో ఉన్నాయి. నలభై పూర్తి. అన్నీ కాల్చేశాను. నువ్వు కడుపునిండా తిని హాయిగా నిద్రపో.

అత్త


హైదరాబాద్,
15 సెప్టెంబరు 2025

అత్తా,

ముక్కలు అందాయి. పరీక్ష చేశాను, పదీ మనవే. ఇవాళ పొద్దున్న రిజిస్టరులో నలభై నాశనం చేయబడినవి అని రాసి సంతకం పెట్టాను. రేవతి మేడం కింద తన సంతకం పెట్టారు. చదవకుండానే పెట్టారు.

నువ్వు చేసింది నేను మర్చిపోను. ఇక దీని గురించి రాయొద్దు, నేనూ రాయను. ఆ ఉత్తరాలన్నీ పొయ్యిలో వేసెయ్యి.

యామిని


మన ఊరు,
18 సెప్టెంబరు 2025

తల్లీ,

రాయొద్దన్నావు. రాయకుండా ఎలా ఉండను? నీ ఉత్తరం నిన్న అందింది. సంతకం అన్న మాట మళ్లీ మళ్లీ చదివాను.

నలభై దొరకలేదే. ముప్పైఎనిమిదే. చివరి రెండింటి కోసం వారం రోజులు వెతికాను, ఒక్కొక్క సాలు మూడేసి సార్లు చూశాను. నలభైలో రెండు మొలవలేదేమో అనుకున్నాను, బాతులు తినేశాయేమో అనుకున్నాను. నీ ఉత్తరాల్లో అక్షరాలు రానురాను వంకరపోతున్నాయి, పిల్ల ఏమైపోతుందో అని హడలిపోయాను. ముప్పైఎనిమిదో దుబ్బు ఆకునే మూడు ముక్కలు చేసి, మూడు నంబర్లు వేసి పంపాను. నీకు నిద్ర పడుతుందని చేశాను. నువ్వు దాని మీద సంతకం పెడతావని నా బుర్రకి ఎందుకు తట్టలేదో తెలియదు. నీ మెడకి ఉచ్చు నా చేత్తోనే బిగించాను.

మన చేను పొట్ట మీద ఉంది. ఆ రెండూ అందులో ఎక్కడో ఉన్నాయి, ఇవాళో రేపో పూస్తాయి. ఇంకో దారి కనబడలేదు. ఇవాళ తెల్లారగానే కొడవలి పట్టుకుని వెళ్లి చేను కోసెయ్యడం మొదలెట్టాను. పొట్ట మీదున్న చేను కొయ్యడం నా జన్మలో చూడలేదు. కాడ కోస్తుంటే లోపల పాలుపట్టని లేత వెన్ను తెల్లగా చేతికి తగులుతోంది. ఏడుస్తూ కోశాను. గట్టు మీద జనం చేరారు. ఎవరో భయపడి మీ మావయ్యని పిలుచుకొచ్చారు.

ఆయన అందర్నీ పంపించేసి చేలో దిగి నా చేతిలో కొడవలి తీసుకున్నారు. ఇక దాచలేకపోయాను. కవరు దగ్గరనుంచి సంతకం దాకా అంతా చెప్పేశాను. కొడతారేమో అనుకున్నాను, ముప్పైయేడేళ్లలో ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి గురించి అలా అనుకున్నాను. ఆయన కొడవలి గట్టు మీద గుచ్చారు. తర్వాత "మిగిలిన ఆకు బంగారరాజుకిచ్చేం కదే" అన్నారు.

ఊడ్పులయ్యాక మిగిలిన నారు కట్టలు పక్క చేనువాళ్లకి ఇవ్వడం ఎప్పుడూ ఉన్నదే. అదొక సంగతని ఎవరు గుర్తుపెట్టుకుంటారు, ఉత్తరంలో ఎవరు రాస్తారు? నాలుగు కట్టలు ఇచ్చారట. బంగారరాజు చేలో పడమటి గట్టు వార నీరు నిలిచి నాటు కుళ్లిపోతే అక్కడ నాటుకున్నాడట. "ఈ మాట ఊడ్పులప్పుడే నాకు చెప్తే ఆ రోజే కట్టలు వెనక్కి తెచ్చేవాణ్ణి. ఎవరికి భయపడ్డావే? నాకా?" అన్నారు.

ఇద్దరం ఆ గట్టుకి వెళ్లాం. వెతకక్కర్లేకపోయింది. రెండు దుబ్బులు, ఒకదానికొకటి జానెడు దూరంలో, కొసలు తెల్లగా మాడి ఉన్నాయి. రెండూ ఈనేశాయి. పూత విచ్చుకుని సన్నని తెల్లటి పోగులు వేలాడుతున్నాయి. పదిన్నర పదకొండు అయివుంటుంది. గాలి వీస్తోంది. నేను చీర కొంగు విప్పి రెండింటి మీదా కప్పి పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాను. మీ మావయ్య బంగారరాజుని తీసుకురావడానికి వెళ్లారు. ఆ కాసేపట్లో ఎన్నిసార్లు గాలి వీచిందో నాకు లెక్క తెలుసు.

బంగారరాజు వచ్చి అంతా విన్నాడు. "మా చేనుకేటవుద్దండీ బావగారూ?" అని ఒకటే అడిగాడు. మాకు తెలియలేదు. ఆ రెండు దుబ్బులూ అప్పటికప్పుడే కోసి కాల్చేశాం. ఏం చెప్పాలో నువ్వే రాయి. నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాం, ఏం అనమంటే అది అంటాం. నేనే దొంగిలించానని కాగితం రాసివ్వమన్నా రాసిస్తాను.

అత్త


హైదరాబాద్,
23 సెప్టెంబరు 2025

అత్తా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. రేపు రేవతి మేడమూ నేనూ వస్తున్నాం, నీ చేతికే ఇస్తాను. నీకు వినబడేలా చెప్పాలంటే అరవాలి, ఇది అరిచి చెప్పే మాట కాదు.

నీ ఉత్తరం మేడంకి మొత్తం చదివి వినిపించాను. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత రిజిస్టరు తెప్పించి తన సంతకం కొట్టేసి, పక్కన తేదీ వేశారు. ఇలాంటి విత్తనాల మీద నిఘా ఉంచే కమిటీకి తనే ఫోను చేశారు. బంగారరాజుగారి చేలో పడమటి వైపు పది సాళ్లు కోసి కాల్చాలి, రెండేళ్లు ఆ రెండు చేలల్లో పడి మొలిచిన ప్రతి మొక్కనీ చూడాలి. మిగతా పంటకి భయం లేదు, ఆయనకి నేనే చెబుతాను. ఆ పూటే మీరు కోసేయడం వల్ల గింజ కట్టి ఉండదనే అనుకుంటున్నాం. అనుకోవడమే, తెలియదు. నన్ను ల్యాబులోకి రావద్దన్నారు. డిగ్రీ సంగతి కమిటీ తేలుస్తుంది. ల్యాబు కూడా మూసి ఉంచారు, నాతో పాటు చదివే నలుగురు బయట కూర్చున్నారు. వాళ్లు నావైపు చూడలేదు.

మేడం నన్ను ఒకటే అడిగారు, మీ అత్త పల్లెటూరి మనిషి, ఆవిడకి తెలియదు, నీకెలా తెలియలేదు అని. నేను జవాబు చెప్పాను. ఆ జవాబు నీకూ చెప్పాలి. నువ్వు నా కోసం అబద్ధమాడి నన్ను ముంచేశానని కుమిలిపోతున్నావు. ఊళ్లో వాళ్లకీ, మావయ్యకీ అదే చెప్పి ఉంటావు.

చివరి పది ముక్కలు వచ్చిన రోజున వాటిని వరసగా పెట్టి చూశాను. ముప్పైఎనిమిది, ముప్పైతొమ్మిది, నలభై. మూడింటి వెడల్పు ఒకటే, మూడింటి మీదా ఒకే పురుగు గీత. అంచులు దగ్గరికి జరిపాను. నీ కత్తెర కోసిన వంకర గీతతో సహా మూడూ కలిసి ఒకే ఆకు అయింది. అది సెప్టెంబరు పదమూడు. నేను సంతకం పెట్టింది పదిహేనున. ఆ రెండు రోజుల్లో బండెక్కి వచ్చి ఉండొచ్చు, మావయ్యకి చెప్పమని నీకు రాసి ఉండొచ్చు. బంగారరాజుగారి చేలో అప్పటికి పూత రాలేదు.

నాకు తెలుసు అత్తా. తెలిసే పెట్టాను.

యామిని